బాబిలోనులో సింహం సేద్యం

యూఫ్రటీసు నది ఒడ్డున బాబిలోను అని ఒక మహానగరం ఉండేది. ఉండేదని చెప్పడం కూడా పూర్తిగా సరికాదు. గోడలు ఇంకా ఉన్నాయి, గుడి మెట్లు ఉన్నాయి, రాజవీధికి రెండు వైపులా నీలం పలకల మీద వరసగా నడిచే సింహాల బొమ్మలు ఉన్నాయి. లేనిదల్లా జనం. ఎక్కణ్ణించో వచ్చిన కొత్త రాజులు ఇంకో నది ఒడ్డున ఇంకో నగరం కట్టుకుని దాదాపు అందరినీ అక్కడికి తరలించుకుపోయారు. పోయేవాళ్ళు ఊరికే పోలేదు, చేతికందిన ఇటుకలు కూడా బండ్లకెత్తుకుపోయారు. మిగిలిన చోట జంతువులు కాపురాలు పెట్టాయి. అంతఃపురంలో మేకలు ఈనాయి. ఖజానా కొట్లో గుడ్లగూబలు చేరాయి. నది వైపు బురుజుల మీద కొంగలు గూళ్ళు కట్టుకున్నాయి.

ఆ ఊరి వైభవం కళ్ళారా చూసిన జంతువు ఇక ఒక్కటే మిగిలింది. అది ఆమరు అనే ముసలి ఎద్దు.

వయసులో ఉండగా, వసంతంలో కొత్త సంవత్సరం పండగ వచ్చిందంటే మర్దూక్ దేవుడి బండికి కట్టే జోడీలో కుడి పక్క ఎద్దు ఆమరే. ఆ రోజు రాజవీధి పొడుగునా నీళ్ళు చల్లేవాళ్ళు. నువ్వుల నూనె దీపాలూ, ఖర్జూరం పాకమూ, బార్లీ కల్లూ కలిసిన వాసన ఒకటి వీధంతా కమ్ముకునేది. పూజారి సృష్టి కథ చదివేవాడు. ఉప్పునీటి తల్లి మీదికి మర్దూక్ యుద్ధానికి వెళ్ళడం, ఆమెను రెండు ముక్కలు చేసి ఒకదానితో ఆకాశం, ఒకదానితో నేల చెయ్యడం అందులో ఉండేది. మర్దూక్ అంటే సూర్యుడి దూడ అని అర్థమట. అందుకని ఆ దేవుడి మీద ఆమరుకు భక్తి కంటే బంధుప్రీతి ఎక్కువ. మావాడే కదా అనుకునేది.

ఎడమ పక్క కట్టిన జోడు ఎద్దు, కొత్త నగరానికి ఇటుకల బండి లాగుతూ దారిలోనే పడిపోయింది. ఆమరును వయసు చూసి వదిలేశారు. దేవుడి తోటలో నాలుగు ఖర్జూరపు చెట్లూ, కొంచెం గడ్డీ, ఒక చిన్న మడుగూ మిగిలితే అక్కడే ఉండిపోయింది. తోటకు నీళ్ళు తెచ్చే కాలువ మట్టితో పూడిపోయింది. చచ్చేలోగా ఆ కాలువలో మళ్ళీ నీళ్ళు పారగా చూడాలన్నదే దానికి మిగిలిన కోరిక.

"కాలువ తవ్వే బాధ్యత అసలు దేవుళ్ళది," అని చెబుతుండేది ఆమరు, ఏటా వలస వచ్చే లక్లకి అనే కొంగతో. "వాళ్ళకు నడుములు నొప్పి పుట్టి, ఆ పని చెయ్యడానికి మట్టిలో నెత్తురు కలిపి మనుషుల్ని చేశారు. మనుషులకు నడుములు నొప్పి పుట్టి మమ్మల్ని కట్టారు. ఇప్పుడు తవ్వే మనుషులే లేరు. ఇక ఎవరు తవ్వుతారో నువ్వే చెప్పు."

లక్లకి దేశాలు తిరిగిన పక్షి. దాని దగ్గర కబుర్లకు కొదవ లేదు. సముద్రం అవతల పండితులు కూడా పొద్దును లెక్కగట్టేటప్పుడు ఈ ఊరివాళ్ళ పద్ధతిలోనే అరవై ముక్కలు చేస్తున్నారని చెప్పింది. పడమటి కొండల్లో అవ్వలు పిల్లలకు చెప్పే జలప్రళయం కథలో, నేల ఎక్కడుందో చూసి రమ్మని పడవలోంచి పక్షుల్ని వదిలే ఘట్టం అచ్చం ఇక్కడి పూజారి చెప్పినట్టే ఉందని చెప్పింది. "ఊరు ఇక్కడ పడిపోయింది గానీ మామా, నేను ఎక్కడ వాలినా దీని ముక్క ఒకటి కనిపిస్తోంది," అంది. ఆ మాట విన్న పూట ఆమరు గడ్డి ముట్టలేదు. అది సంతోషమో దుఃఖమో దానికే తెలియలేదు.

జనం పోయిన చోట సింహం రాజైంది. దాని పేరు నేషు. పాత రాజుగారి కొలువులో ఇటుకల సింహాసనం ఒకటి విరగకుండా ఉంటే ఎక్కి కూర్చుంది. మరీ చెడ్డ రాజు కాదు. ఆకలైతే తినేది, లేకపోతే పడుకునేది. అయితే తను ఉత్త అడవి సింహం కాదనీ, బాబిలోను రాజుననీ దానికి గట్టి నమ్మకం. బాబిలోను రాజుకు చట్టం ఉండాలి, ఆచారం ఉండాలి. ఆ రెండూ చెప్పడానికి షేలిబు అనే నక్క ఉంది.

షేలిబు చదువు ఎలా అబ్బిందంటే, ఊరు ఖాళీ అయినా గుడి పక్కన కొద్దిమంది ముసలి జ్యోతిష్కులు ఇల్లు కదలకుండా ఉండిపోయారు. ఆకాశం చూడటం, గ్రహణాలు లెక్క కట్టడం, పాత చట్టాలు పైకి వల్లె వేసుకోవడం వాళ్ళ పని. వాళ్ళ కిటికీ కింద ఎంగిలి ముక్కల కోసం పడుకుని పెరిగింది నక్క. ముక్కలతో పాటు మాటలూ దొరికాయి. విన్నది మర్చిపోకపోవడం దాని గొప్ప. విన్నదంతా నలుగురిలో అప్పజెప్పకుండా ఉండలేకపోవడం దాని జబ్బు.

ఆ నక్కకు ఆమరు అంటే కడుపుమంట. తోటలో మడుగు పక్కన బాతులు గుడ్లు పెట్టుకునేవి. నక్క ఎప్పుడు అటు వెళ్ళినా ముసలి ఎద్దు కొమ్ములు దించి అడ్డంగా నిలబడేది. ఎద్దు పోతే బాతులు తనవి. ఎద్దు మాంసంలో సింహం వదిలేసింది కూడా తనదే. ఇంతకంటే మంచి బేరం నక్కకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఒక రోజు అది కొలువుకు వచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంది. సింహం ఎంత అడిగినా పెదవి విప్పలేదు. చివరికి నిట్టూర్చి చెప్పింది. రాబోయే అమావాస్య నాడు మధ్యాహ్నం సూర్యుడికి గ్రహణం పడుతుందట. జ్యోతిష్కులు లెక్క కట్టారట. బాబిలోను మీద సూర్యుడు నల్లబడితే ఆ ఊరి రాజు బతకడట.

సింహం జూలు వాలిపోయింది. దీనికి విరుగుడు లేదా అని అడిగింది.

"లేకేం దొరా, మన పెద్దలు దేనికి విరుగుడు పెట్టలేదు గనక," అంది నక్క. "గ్రహణం వచ్చేలోగా ఇంకొకణ్ణి తెచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టాలి. అన్నాళ్ళూ వాడే రాజు. వాడి మాటే మాట. తమరు పక్కకు తప్పుకోవాలి. నీడ రాజును వెతుక్కుంటూ వచ్చి వాడి మీద పడుతుంది. పడిన వాణ్ణి సూర్యుడు బయటికి రాకముందే సాగనంపితే, కీడు వాడితో పాటే పోతుంది. అప్పుడు తమరు వచ్చి హాయిగా కూర్చోవచ్చు."

సాగనంపడం అంటే ఏమిటో కొలువులో మేకపిల్లకు కూడా అర్థమైంది. ఎవరిని కూర్చోబెడదామని సింహం అడిగితే, నక్క ముందే కడిగి పెట్టుకున్న పేరు బయటికి తీసింది. దేవుడి బండి లాగిన వాడట, వయసు పండిన వాడట, ఊళ్ళో అంతటి గౌరవస్తుడు లేడట. వాడైతే నీడ కూడా నిజమైన రాజనుకుని మోసపోతుందట.

కబురు తోటకు చేరింది. లక్లకి ఎగురుకుంటూ వచ్చింది. "పారిపో మామా. ఉత్తరపు ద్వారం తలుపుల్లేకుండా పడి ఉంది. ఈ పొద్దే బయలుదేరు."

ఆమరుకు నిజంగానే భయం వేసింది. లేచి ఉత్తరపు ద్వారం దాకా నడిచింది కూడా. అక్కడ రాజవీధి నీలం పలకలు ఎండకు మెరుస్తున్నాయి. పలకల మీద సింహాలు ఎప్పటిలాగే పండగకు వెళుతున్నట్టు నడుస్తున్నాయి. తన జోడు ఎద్దు, పండగ నాడు ఇక్కడికి రాగానే మెడ కాస్త పైకెత్తేది. జనం చూస్తారని దానికి గొప్ప. అది గుర్తుకొచ్చి ఆమరు ఆగిపోయింది. బయట ఎటు చూసినా ఇసుక. ఈ కాళ్ళతో ఎంత దూరం పోతాను, పోయి ఎవరికి ఏమవుతాను అనుకుంది. అలా నిలబడి ఉండగా దాన్ని మొదట నాగలికి కట్టి పొలం దున్నిన రైతు గుర్తుకొచ్చాడు. నాగలి పట్టుకుని పాటలు రాక చట్టాలు పాడుకునేవాడు ఆయన. అందులో ఎద్దుల మాట కూడా వచ్చేది. ఎద్దు చెవులు నిక్కబొడుచుకుంది. తరువాత నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

మర్నాడు కొలువులో ఆమరును సింహాసనం ముందు నిలబెట్టారు. ఇష్టమేనా అని సింహం మాటవరసకు అడిగింది.

"ఇష్టమే దొరా," అంది ఆమరు. "ఒక్క మనవి. ఆచారం మొదలుపెడితే పూర్తిగా చెయ్యాలి. సగం చేస్తే కీడు తిరిగి మీ గడపకే వస్తుందని మా కాలంలో భయపడేవాళ్ళు. షేలిబు పంతులుగారు అంతా సరిగ్గా జరిపిస్తానని పదిమందిలో చెప్పాలి."

పంతులుగారు అనిపించుకోగానే నక్క ఛాతీ పొంగింది. నూలుపోగంత కూడా తగ్గనివ్వనని సూర్యుడి మీద ఒట్టు వేసింది.

"అయితే అయ్యగారూ, నాకు వయసు మీద పడి మతిమరుపు. గ్రహణం పోయేదాకా అసలు రాజు ఏమవుతాడు? పాతకాలంలో ఏదో పేరు పెట్టి పిలిచేవాళ్ళు."

"రైతు," అంది నక్క టక్కున. "రాజుగారిని రాజా అనకూడదు, రైతూ అనాలి. నీడకు ఆనవాలు దొరక్కుండా రైతులాగే ఉండాలి, రైతు చేసే పనే చెయ్యాలి. ప్రభువా అని ఎవరు పిలిచినా, ఆయన పలికినా, నీడ ఇట్టే పట్టేస్తుంది."

"రైతుకు చట్టం కూడా వేరే ఉండేది కదూ?"

నక్కకు ఇంతకంటే తీపి ప్రశ్న పుట్టలేదు. సింహాసనం మెట్టు ఎక్కి నిలబడి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. న్యాయదేవుడైన సూర్యుడి ఎదుట పాత రాజు నల్లరాతి మీద చెక్కించిన చట్టం అట అది. కట్ట తెంపి పొరుగు పొలం ముంచిన రైతు ఆ పంటకు పంట ఇచ్చుకోవాలి. చేతికిచ్చిన భూమిని బీడు పెట్టిన రైతు పొరుగువాడికి పండినంత కొలిచి ఇవ్వాలి. బీడు పొలంలో ఎద్దును సింహం చంపితే అది ఎవరి తప్పూ కాదు. తన చేతికిందున్న ఎద్దును రైతే చంపితే మాత్రం ఎద్దుకు ఎద్దును ఇచ్చి తీరాలి. ఇలా ఎద్దుల మీద, గొర్రెల మీద, గాడిదల మీద, పందుల మీద, ఆఖరికి పడవల మీద కూడా ఏకధాటిగా చెప్పుకుపోయింది. మేకలు నోళ్ళు తెరుచుకుని విన్నాయి. ఆమరు మాత్రం తల వంచుకుని నెమరు వేస్తూ నిలబడింది.

అలా ఎద్దు రాజైంది, సింహం రైతైంది.

కొత్త రాజు మొదటి ఆజ్ఞ, రైతు వెళ్ళి దేవుడి తోట కాలువలో పూడిక తియ్యాలని. సింహం పళ్ళు నూరింది. నక్క దాని చెవిలో, ఆచారం దొరా, అనబోయి నాలుక కరుచుకుని, ఆచారం రైతూ, అంది. ఇంకేం చేస్తుంది, సింహం పంజాలతో మట్టి తవ్వడం మొదలుపెట్టింది. రైతు మందలోకి పోయి మేకను పీక్కు తినడు గనక నదిలో చేపలతో కడుపు నింపుకుంది. మొదటి రోజు పంజాలు పగిలాయి. రెండో రోజు నడుం పట్టేసింది. ఆమరు సింహాసనం దిగివచ్చి గట్టు మీద నిలబడి, మట్టి ఎటు పొయ్యాలో, కట్ట ఎంత వాలు పెట్టాలో చెబుతుండేది. కాసేపటికి తనే కొమ్ములతో గడ్డలు పెకలించడం మొదలుపెట్టింది.

పని చేస్తూ చేస్తూ పాత సంగతులు చెప్పేది. పూడిక తీసే కాలం వస్తే రాజుగారు సైతం తల మీద మట్టి తట్ట పెట్టుకుని జనానికి కనిపించేవాడట. పండగ రోజున పూజారి రాజు కిరీటం తీసి, చెంప మీద కొట్టి, ప్రజలకు అన్యాయం చేశావా అని అడిగేవాడట. రాజు కంట నీరు వస్తే ఆ ఏడు పంటలు బాగుంటాయని జనం సంతోషించేవాళ్ళట.

సింహం పంజా ఆపి, "రాజును కొట్టేవాళ్ళా?" అని అడిగింది.

"ఏడాదికి ఒక్కసారి. ఆ రోజు గుళ్ళోంచి బయటికొచ్చిన రాజు మొహం చాలా మంచిగా ఉండేది, రైతూ. నేను బండికి కట్టి ఉండి దగ్గర్నుంచి చూసేవాణ్ణి."

ఆ సాయంత్రం సింహం రాజవీధికి వెళ్ళి గోడ మీది సింహాల్ని చాలాసేపు చూసింది. మర్నాటి నుంచి ఎవరూ పిలవకముందే కాలువ దగ్గరికి వచ్చేది.

అమావాస్య వచ్చేసరికి కాలువ తవ్వకం నది దాకా వచ్చింది. నదికీ కాలువకీ మధ్య ఒక్క మట్టికట్ట మిగిలింది. ఆ రోజు మధ్యాహ్నం అందరూ కొలువులో చేరారు. ఆమరును సింహాసనం ఎక్కించారు. ఎండ మెల్లగా పసుపు తిరిగింది, తరువాత బూడిద రంగైంది. కొంగలు గూళ్ళలో ముడుచుకున్నాయి. చూస్తుండగానే సూర్యుడు నల్లబడ్డాడు. కాలువలో నీళ్ళు చూడకుండానే పోతానేమో అనిపించి ఆమరుకు కళ్ళు చెమర్చాయి.

నక్క ముందుకు దూకింది. "నీడ పడింది. ఇక ఆలస్యం వద్దు. పని కానియ్యండి."

సింహం లేచింది. సింహాసనం వైపు నడిచి ఆగింది. "పంతులూ, చంపేది ఎవరు?"

"ఇంకెవరు? బీడులో ఎద్దును సింహం చంపితే ఎవరి తప్పూ కాదని చట్టమే చెబుతోందిగా."

"సింహమా? ఇక్కడ సింహం ఎక్కడుంది?" అంది ఆమరు నెమ్మదిగా. "నాకు రైతు తప్ప ఎవరూ కనబడటం లేదు."

సింహం బుర్ర నిదానంగానే పనిచేస్తుంది, కానీ కాలువ తవ్విన రోజుల్లో దానికి ఆలోచించడం కాస్త అలవాటైంది. నేను సింహాన్నంటే రాజునని ఒప్పుకున్నట్టు, నీడ నా మీదికి వస్తుంది. రైతునంటే ఎద్దును చంపిన రైతు ఎద్దుకు ఎద్దును ఇవ్వాలి. ఇదే మాట పైకి అని, "ఈ ఊళ్ళో ఇంకో ఎద్దు ఎక్కడుంది పంతులూ, తెచ్చి ఇవ్వడానికి?" అని అడిగింది.

"అబ్బ, అడిగేదెవరు?" అంది నక్క. "చట్టాన్ని చూసుకునేవాడు సూర్యుడే కదా. ఆయనకిప్పుడు కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. త్వరగా కానిచ్చెయ్యండి, ఎవరు చూడొచ్చారు?"

ఏ సూర్యుడి మీద ఒట్టు వేసిందో ఆ సూర్యుడినే గుడ్డివాణ్ణి చేసింది. మేకలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. సరిగ్గా అప్పుడే ఆకాశం అంచున సన్నటి వెలుగు గీత మెరిసింది.

ఆమరు సింహాసనం మీంచి దిగింది. "ఆయన వస్తున్నాడు. నాకు కట్ట దగ్గర పనుంది. రాజు మాటే మాట అన్నారు గనక చెబుతున్నా, ఈ సింహాసనం నేను వదిలేశాను. కావలసినవాళ్ళు కూర్చోవచ్చు," అని బయటికి నడిచింది.

సింహం ఖాళీ సింహాసనం చూసింది. తరువాత నక్కను చూసింది. ఇన్నాళ్ళూ ఆ మెట్టు మీద నిలబడి మాట్లాడింది ఎవరో దానికి గుర్తొచ్చింది.

"పంతులూ, నువ్వు కూర్చో. నీకిది అలవాటైన చోటే. అన్నట్టు, నక్కను రైతు చంపితే ఏం శిక్ష? చట్టం ఒకసారి చదువు."

జీవితంలో మొదటిసారి షేలిబుకు నోరు పెగల్లేదు. ఎద్దు ఉంది, గొర్రె ఉంది, గాడిద ఉంది, పంది ఉంది, పడవ కూడా ఉంది. నక్క మాట మాత్రం ఆ నల్లరాతి మీద ఎక్కడా లేదు. ఆ సంగతి దానికంటే బాగా తెలిసినవాళ్ళు ఆ కొలువులో లేరు. ఒక్క దూకులో కిటికీ దాటి, గోడ దాటి, ఇసుకలో పడి పరుగెత్తింది. మళ్ళీ బాబిలోను గోడల లోపల ఎవరూ దాన్ని చూడలేదు. దూరంగా ఇసుక దిబ్బల మీద కూర్చుని, వినేవాళ్ళు లేకుండా చట్టాలు వల్లె వేసుకుంటూ ఉంటుందని కొంగలు చెప్పుకున్నాయి.

సింహాసనం ఖాళీగానే ఉండిపోయింది. కీడు ఎవరితోనూ పోలేదు గనక ఇంకా అక్కడే కూర్చుని ఉందేమోనని సింహం అటు వెళ్ళలేదు. మొదట్లో అది భయం. పోనుపోను అలవాటు. ఇప్పుడు ఎవరైనా రాజా అని పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడదు.

గ్రహణం విడిచిన ఆ రోజే, పూర్తి ఎండలో సింహం కట్ట మీద పంజా వేసి గండి కొట్టింది. నది నీళ్ళు గోధుమరంగులో, నురగలు కక్కుతూ, పాత దారి గుర్తున్నట్టు మలుపులు తిరుగుతూ తోటలోకి వచ్చాయి. ఆమరు మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడింది. తడిసిన మట్టి వాసన కొట్టింది. పండగ రోజు రాజవీధిలో నీళ్ళు చల్లినప్పుడు వచ్చే వాసన అది. ముసలి ఎద్దు కుడి పక్కకు కాస్త జరిగి, ఎడమన జోడు ఎద్దుకు ఎప్పుడూ వదిలే చోటు వదిలి, అలాగే నిలబడింది. రాజులు పోయారు, జనం పోయారు, ఇటుకలూ పోయాయి. ఎప్పుడో ఒక రాజు ఎద్దు ప్రాణానికి కట్టిన వెల మాత్రం మిగిలి, ఈ రోజు తనను నిలబెట్టింది. ఇది చూడటానికి నువ్వుంటే బాగుండేదిరా అని తన జోడును తలుచుకుంది.

గట్టు మీద లక్లకి రెక్కలు సవరించుకుంటోంది. ఈసారి పడమటికి వెళ్ళినప్పుడు ఏం చెప్పమంటావని అడిగింది.

"బాబిలోనులో కాలువ పారుతోందని చెప్పు," అంది ఆమరు.

నీతి: ఒకరి గొంతు కొయ్యడానికి పెద్దల మాటల్లో సగాన్ని వాడుకుంటే, మిగతా సగం మన గొంతు మీదికే వస్తుంది.